కనబడని దయ్యము, కలిగెడు భయము

దయ్యపు కథ వినకుండ పెరిగిన బిడ్డ మన దేశమున నుండదు. వేసవి రాత్రులలో పెరటిలో మంచములు వాల్చుకొని అమ్మమ్మయో మేనత్తయో కథ చెప్పుచుండగా, దుప్పటి ముసుగు పెట్టుకొనియు చెవులు మాత్రము బయట నుంచి వినుట పిల్లల కెల్లరకు నలవాటే. కథ చెప్పెడివారు నడుమ నొక మాట తప్పక చేర్చెడివారు: "ఇది కల్పన కాదు సుమా! మా పుట్టింటి యూరిలో జరిగినదే. చూచినవారే నాతో చెప్పినారు." కథలోని దయ్యము తెల్లవారునప్పటికి మఱపునకు వచ్చెడిది, ఆ మాట మాత్రము పది దినములు నిద్ర చెడగొట్టెడిది.

ఆ అమ్మమ్మ మాటనే యంత్రముచేత చెప్పించు చలనచిత్రములు కొన్ని కలవు. ఆంగ్లమున వానిని "ఫౌండ్ ఫుటేజ్" చిత్రము లందురు. దొరికిన ఫిలిము అని మనము చెప్పుకొనవచ్చును. ఈ చిత్రములలో కథలోని పాత్రయే కెమేరా పట్టుకొని తిరుగుచుండును. ఆ పాత్రలు చనిపోయిన పిదపనో మాయమైన పిదపనో ఆ ఫిలిము ఎవరికో దొరికినదనియు, దానినే మార్పు లేకుండ మనకు చూపుచున్నారనియు చెప్పుదురు. కావున వెనుక వాద్యములు మ్రోగవు, వెలుతురు చాలదు, బొమ్మ వణకుచుండును, ఒకరి మాటపై నొకరి మాట పడుచుండును. దయ్యము మాత్రము తఱచుగా కనబడనే కనబడదు.

వీనిని చూచి మూడు రాత్రులు దీపమార్పకుండ పడుకొంటిమని చెప్పువారు కలరు. "గంటన్నరసేపు చీకటియు చెట్లును చూపి డబ్బు పుచ్చుకొనిరి, భయమెక్కడ?" అని నవ్వువారును కలరు. సినిమా చేతిఫోనులోనికి వచ్చి కూర్చున్న యీ దినములలో మన పిల్లలు వీనిని మనకంటె ముందే చూచుచున్నారు. కావున ఈ చిత్రములు నిజముగా భయపెట్టునా, పెట్టినచో దేనివలన పెట్టును, ఆ భయమువలన మేలా కీడా యను సంగతి గృహిణులు విచారింపదగినదే.

పాత యెత్తు

"దొరికినది" అని చెప్పి నమ్మించుట సినిమావారు కనిపెట్టినది కాదు. 1764 లో హోరెస్ వాల్పోల్ అను ఆంగ్లేయుడు "ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో" అను భయానక నవలను ప్రకటించుచు, అది తన రచన యని చెప్పక, పాత ఇటాలియను గ్రంథమునకు అనువాదమని చెప్పెను. ప్రజలు మెచ్చిన పిమ్మట రెండవ ముద్రణమున గాని నిజము చెప్పలేదు. 1897 లో బ్రామ్ స్టోకర్ ప్రకటించిన "డ్రాకులా" దినచర్యలను, జాబులను, వార్తాపత్రికల ముక్కలను కూర్చినట్లుండును. కథకుని మాటను సందేహించు చదువరియు, ఒకరు తమ కొఱకు తాము వ్రాసికొన్న దినచర్యను అంత సులభముగా సందేహింపజాలడు గదా!

ఛాయాచిత్రము వచ్చిన పిదప ఈ నమ్మకము మఱింత బలపడెను. కలము అబద్ధమాడునేమో గాని కెమేరా యాడదని లోకము తలచెను. 1860 తరువాతి యేండ్లలో అమెరికాయందు విలియం మమ్లర్ అనువాడు, ఫొటో తీయించుకొన వచ్చినవారి వెనుక వారి మృతబంధువుల రూపములు మసకగా కనబడునట్లు చిత్రములు తీసి యిచ్చెడివాడు. 1869 లో న్యూయార్కు నగరమున అతనిపై మోసగాడని అభియోగము నడచెను. చాలినంత సాక్ష్యము లేదని విడిచిపెట్టిరి. హత్య గావింపబడిన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ భార్య మేరీ లింకన్ కూడ అతనిచేత ఫొటో తీయించుకొనెను. ఆ బొమ్మలో భర్త ఆమె భుజములపై చేతులు వేసి వెనుక నిలిచినట్లుండును. భర్తను, ముగ్గురు కొడుకులను పోగొట్టుకొన్న స్త్రీ అట్టి బొమ్మయందు వెదకునది భయము కాదు, ఓదార్పు. దయ్యపు చిత్రములకు మూలమందు దుఃఖము కూడ కలదను మాట ఇచ్చట గుర్తుంచుకొందము. ముందు దానితో పని కలదు.

అడవిలో ముగ్గురు

ఈ జాతి చిత్రములలో జగత్ప్రసిద్ధమైనది 1999 లో అమెరికాలో విడుదలయైన "ది బ్లేర్ విచ్ ప్రాజెక్ట్". డేనియల్ మిరిక్, ఎడ్వర్డో సాంచెజ్ అనువారు దాని దర్శకులు. మేరీలాండ్ రాష్ట్రమున బర్కిట్స్‌విల్ అను చిన్న యూరి దాపున నున్న యడవిలో ఒక మంత్రగత్తె కలదను కథను చిత్రించుటకై 1994 అక్టోబరులో ముగ్గురు విద్యార్థులు వెళ్లి మాయమైరనియు, ఏడాది పిదప వారి ఫిలిము దొరికినదనియు మొదట కొన్ని పంక్తులు తెరపై కనబడును. తరువాత జరుగునదంతయు ఆ ముగ్గురు త్రోవ తప్పుట, తినుటకు లేకపోవుట, ఒకరి నొకరు నిందించుకొనుట; రాత్రివేళ గుడారము వెలుపల చప్పుళ్లు, ఉదయమున రాళ్ల కుప్పలు, చెట్లకు వ్రేలాడు పుల్లల బొమ్మలు. మంత్రగత్తె ఒక్కమాఱైనను కనబడదు.

దీని చిత్రీకరణము చాలవఱకు 1997 అక్టోబరులో ఎనిమిది దినములలో ముగిసెను. నటులకు సంభాషణలు వ్రాసి యీయలేదు. నడువవలసిన త్రోవయు, ఆనాటి సూచనలును మాత్రమే యిచ్చెడివారు. కెమేరాలు వారిచేతనే పట్టించిరి. దినదినమునకు తిండి తగ్గించిరి. రాత్రి వారు నిద్రించుచుండగా దర్శకులే పోయి గుడారమును కదలించిరి. పిల్లల గొంతులు వినిపించిరి. కావున తెరపై మనము చూచు అలసటయు, ఆకలియు, విసుగును చాలవఱకు నటన కాదు. భయము నిజమువలె కనబడుటకు ఇది యొక కారణము.

మొదట కొన్ని పదివేల డాలర్లతో తీసిన ఆ చిత్రము లోకమంతట కలిపి దాదాపు 24 కోట్ల 80 లక్షల డాలర్లు రాబట్టెను. వారు నడిపిన వెబ్‌సైటును, "కనబడుట లేదు" అని యంటించిన ప్రకటనలును అందుకు మిక్కిలి తోడ్పడినవి. నటులు తమ సొంత పేర్లతోనే నటించిరి గనుక వారు నిజముగనే చనిపోయిరని అనేకులు తలచిరి. హెదర్ డోనహ్యూ అను నటి తల్లికి, కూతురు క్షేమముగా నుండగనే, పరామర్శ జాబులు వచ్చెను. ఆ జాబులు విప్పి చదువునప్పుడు ఆ తల్లి మనసెట్లుండెనో తల్లులకు చెప్పనక్కఱలేదు. ఆ సంవత్సరము చెడ్డ నటనకు వెక్కిరింతగా నిచ్చెడి "రాజీ" బహుమానమును హెదరుకే యిచ్చిరి. తరువాతి కాలమున ఆమె తన పేరే మార్చుకొనెను. 2024 లో ఆ ముగ్గురు నటులును తమ శ్రమకు తగిన ప్రతిఫలము ఇకనైన నీయవలెనని బహిరంగముగా కోరవలసి వచ్చెను. ప్రేక్షకులు వినోదముగా పొందిన భయమునకు ఒక స్త్రీ తన పేరు మూల్యముగా చెల్లించినదను సంగతి చూచువారికి తెలిసియుండుట మంచిది.

ఆ యబద్ధము నేడెవరిని మోసగింపదు. నటులు బ్రతికియే యున్నారని అందఱకు తెలియును. అయినను ఆ చిత్రమును చూచి వెఱచువారు నేటికిని కలరు. ఏలయన, దాని చివరి నిమిషము మోసముమీద నాధారపడినది కాదు. పూర్వమొక హంతకుడు పిల్లలను ఇద్దఱేసి చొప్పున తెచ్చి, ఒకరిని చంపునప్పుడు రెండవవారిని గోడమూలకు మొగము పెట్టి నిలువ జేసెడివాడని ఊరివారిలో నొకరు చిత్రపు మొదట తేలికగా చెప్పుదురు. మనము దానిని మఱచిపోదుము. చివర నొక పాడుబడిన యింటిలో, కెమేరా వెలుతురున, ఒక మనుష్యుడు గోడమూలకు మొగము పెట్టి నిలిచియుండును. అంతే! నెత్తురు లేదు; కోఱలు లేవు. మొదటి మాట వినని వానికి అదేమియు కాదు. విన్నవానికి ఒళ్లు జలదరించును. అక్కడ భయపెట్టినది తెర కాదు, మన జ్ఞాపకము.

పిల్లలు నమ్మినప్పుడు

నమ్మించుటయే పనిగా పెట్టుకొన్నచో ఏమగునో ఇంగ్లండున జరిగిన యొక సంగతి చూపుచున్నది. 1992 అక్టోబరు 31వ తేది రాత్రి బి.బి.సి. టెలివిజనులో "గోస్ట్‌వాచ్" అను కార్యక్రమము ప్రసారమయ్యెను. దయ్యము పట్టినదని చెప్పబడిన యొక సామాన్య గృహమునుండి ప్రత్యక్షముగా చూపుచున్నట్లు అది నడచెను. నిజమునకు అది స్టీఫెన్ వోక్ వ్రాయగా లెస్లీ మానింగ్ అను స్త్రీ దర్శకత్వమున ముందుగనే చిత్రింపబడిన నాటకము. కాని అందు కనబడినవారు నిజమైన టెలివిజను వ్యాఖ్యాతలు. పేరుపొందిన మైకేల్ పార్కిన్సన్ స్టూడియోలో కూర్చుండెను. పిల్లల కార్యక్రమములవలన ఇంటింట బిడ్డలకు పరిచితురాలైన సారా గ్రీన్ ఆ యింటిలోనికి వెళ్లెను.

ఆ కథలో నొక తల్లియు, ఇద్దఱు కూతుండ్రును కలరు; మగదిక్కు లేదు. రాత్రివేళ చప్పుళ్లకు బిడ్డలు జడియగా, "నీళ్ల గొట్టముల చప్పుడే" అని తల్లి సముదాయించినది. పిల్లలు ఆ మాటయే పట్టుకొని దయ్యమునకు "పైప్స్", అనగా గొట్టములు, అని పేరు పెట్టిరి. బిడ్డ నోదార్చుటకై తల్లి చెప్పిన చిన్న యబద్ధము దయ్యమునకు నామకరణమైనది! రాత్రి నడుమ లేచి యేడ్చు పిల్లను జోకొట్టిన ప్రతి తల్లికిని ఈ కల్పనలోని పదును తెలియును.

ఆ రాత్రి దానిని సుమారు ఒక కోటి పది లక్షలమంది చూచిరి. రచయిత పేరును నటుల పేర్లును ప్రకటించియే యుండిరి. అయినను అనేకులు నిజమని నమ్మిరి. సంస్థకు ఫోనులు వెల్లువగా వచ్చెను. 1994 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో, ఈ కార్యక్రమమును చూచిన పిదప మానసికముగా గాయపడి చికిత్సకు వచ్చిన పదేండ్ల బాలు రిద్దఱిని గూర్చి వైద్యులు వ్రాసిరి. ఘోరప్రమాదములనుండి బయటపడినవారికి కలుగునట్టి లక్షణములు వారియందు కనబడెనట.

ఇక్కడ భయములు రెండు విధములని తెలిసికొనవలెను. తిరునాళ్లలో పెద్ద రంగులరాట్నమెక్కినవాడు పైకి పోవునప్పుడు కేకలు వేయును; గుండె దడదడలాడును; అరచేతులు చెమర్చును. అయినను తాను పడనని లోపల నెఱుగును. కావుననే దిగి వచ్చి నవ్వి, మఱల నెక్కును. పెద్దలు దయ్యపు చిత్రము చూచునప్పుడు కలుగు భయమిట్టిది. దేహము వెఱచును, బుద్ధి కాపలా కాయుచుండును. చిన్నపిల్లల బుద్ధి అట్లు కాపలా కాయజాలదు. తనకు పరిచయమైన మనిషి టెలివిజనులో దయ్యము వాత పడినట్లు చూచిన బిడ్డకు అది రంగులరాట్నము కాదు, ఇల్లు కూలుట. నమ్మినవారికే భయము కలిగించు చిత్రము గొప్పదని చెప్పజాలము. కల్పనయని తెలిసినవారికి కూడ భయము కలిగించునదే గొప్పది.

పడకగదిలో కెమేరా

అట్టిది యొకటి కలదా యన్నచో, "పారనార్మల్ యాక్టివిటీ"ని చెప్పవలెను. ఓరెన్ పెలి అనువాడు 2006 లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరమున తన సొంత యింటిలోనే ఒక వారములో దానిని చిత్రించెను. వ్యయము సుమారు 15,000 డాలర్లు. 2009 లో దేశమంతట విడుదలయైన పిదప అది దాదాపు 19 కోట్ల 30 లక్షల డాలర్లు గడించెను. అడవి లేదు, పాడుబడిన కోట లేదు. మెట్లు, వంటయిల్లు, పడకగది. కేటీ, మైకా అను యువతీయువకులు. రాత్రివేళ వారు నిద్రించుచుండగా కెమేరా ముక్కాలిపీటపై కదలక నిలిచి పడకను, తెఱచియున్న తలుపును చూచుచుండును. తెర మూలన గడియారపు అంకెలు మాఱుచుండును.

ఈ యమరికలోనే దాని బలమంతయు నున్నది. సామాన్యమైన సినిమాలో ఎక్కడ చూడవలెనో దర్శకుడే చూపును: ముఖమును దగ్గఱగా చూపి, వాద్యము పెంచి, ఇదిగో భయపడుమని సంజ్ఞ చేయును. ఇక్కడ సంజ్ఞ చేయువాడు లేడు. తలుపు చూడవలెనా, దుప్పటి చూడవలెనా, వసారాలోని చీకటి చూడవలెనా? కన్నులు గదియంతయు వెదకుచుండును. అంతలో తలుపు అంగుళము కదలును. పెద్ద చప్పుడునకు ఉలికిపడుట చంటిబిడ్డకు కూడ సహజమే. అది క్షణములో పోవును. వట్టి గదిని చూచుచు ఏదియో జరుగునని కాచియుండుట వేఱు. ఆ కాచియుండుటను మనమింటికి మోసికొని పోదుము. మన యింటిలోను పడకగది కలదు. మన తలుపును రాత్రివేళ కొంచెము తెఱచియే యుండును.

కాని స్త్రీలు ఈ చిత్రమును చూచునప్పుడు మఱియొక భయము కూడ చూతురు. చిన్ననాటినుండి తన్నేదియో వెంటాడుచున్నదని కేటీ చెప్పును. కెమేరా ఆమెకిష్టము లేదు. దానితో మాటలాడి రెచ్చగొట్టవద్దని, పిలిపించిన పెద్దమనిషి కూడ హెచ్చరించును. మైకాకు మాత్రము ఇది వేడుక. "నా యింట, నా మనిషిని ఎవడేమి చేయగలడు?" అను ధోరణిలో దయ్యమును సవాలు చేయును. ఆత్మలతో మాటలాడెడు పలకను తేవద్దని ఆమె చెప్పగా, కొనకూడదనిన మాట నిలుపుకొంటినని సాకు చెప్పి యరువు తెచ్చును. ఆమె యేడ్చుచున్నను కెమేరా దింపడు. దయ్యమున్నదా లేదా యను విషయమున మనకు నమ్మకము లేకపోవచ్చును. "వద్దు" అను మాట యింటిలో నెవరి చెవికిని సోకకపోవుట యెట్లుండునో మాత్రము అనేకులకు స్వానుభవమే.

ఎవరా దయ్యములు?

ఈ దృష్టితో మఱల వెనుకకు చూచినచో ఒక విశేషము తెలియును. బ్లేర్ విచ్ చిత్రమునకై కల్పించిన పూర్వకథలో ఆ మంత్రగత్తె యెవరు? 1785 లో మంత్రగత్తె యను నిందమోపి, గడ్డకట్టు చలికాలమున ఊరివారు అడవిలోనికి వెడలగొట్టిన యొక స్త్రీ. 2011 లో పవన్ కృపలానీ దర్శకత్వమున హిందీలో వచ్చిన "రాగిణి ఎం.ఎం.ఎస్." కూడ దాచిపెట్టిన కెమేరాలతో తీసినట్లుండు చిత్రమే. అందు ఒంటరి బంగళాను పట్టి యున్న దయ్యము, తాను మంత్రగత్తెను కాననియు, తన బిడ్డను చంపలేదనియు మరాఠీ భాషలో మాటిమాటికి చెప్పుకొనును. బ్రతికియుండగా ఎవరును వినని మాటను చచ్చిన పిదపను చెప్పుకొనుచునే యున్నది!

ఇది సినిమా కల్పన యని నవ్వి యూరకుండుటకు వీలులేదు. చేతబడి చేసినదని, బాణామతి చేసినదని అనుమానించి మనుష్యులను కొట్టి చంపిన వార్తలు మన తెలుగు జిల్లాలనుండియే పత్రికలలో వచ్చియున్నవి. అట్టి నింద తఱచుగా పడునది దిక్కులేని వారిమీదను, పేదవారిమీదను, ఒంటరి స్త్రీలమీదను. తెరమీది దయ్యమును చూచి జడిసినవారు రెండు గంటలలో కోలుకొందురు. వాడలోని దయ్యపు మాటకు జడిసిన గుంపు మాత్రము ఒక ప్రాణము తీసిన గాని శాంతింపకపోవచ్చును. నిజముగా వెఱవవలసినది ఏదియో దీనివలన తెలియుచున్నది.

ఆక్షేపణలు

ఈ చిత్రములపై చెప్పు ఆక్షేపణలలో న్యాయమైనవి కలవు. బొమ్మ ఊగుటచేత కొందఱకు తలతిరిగి వాంతి వచ్చును. కదలుచున్నామని కన్ను చెప్పగా, కదలుట లేదని లోపలి చెవి చెప్పును. ఆ రెంటికిని పొసగక వికారము పుట్టును. ఇది భయము కాదు, బస్సు ప్రయాణమున వచ్చు బాధవంటిదే. "ప్రాణము మీదికి వచ్చినప్పుడు కెమేరా పాఱవైచి పరుగెత్తక చిత్రించుచుందురా?" అను ప్రశ్నకు అనేక చిత్రములలో సమాధానము లేదు. ఒకటి రెండు చిత్రములు గెలిచినవని, తక్కువ వ్యయముతో డబ్బు చేసికొనుటకు బయలుదేరిన యనుకరణములకు లెక్కలేదు. అవి గంటసేపు ఏమియు జరుపక, చివర నొక కేక పెట్టి ముగించును. వానిని చూచి "భయమెక్కడ?" అన్నవారిదే న్యాయము.

అయితే ఉపాయము తెలిసినవారికి చిన్న సాధనమైనను చాలును. 2020 లో మహమ్మారివలన ఇంగ్లండున జనులు ఇండ్లలో బందీలైయున్నప్పుడు రాబ్ సావేజ్ అనువాడు "హోస్ట్" అను చిత్రము తీసెను. స్నేహితులు కొందఱు జూమ్ ద్వారా కంప్యూటరు తెరపై కలిసికొని, వేడుకకై ఆత్మను పిలుతురు. నటులు ఎవరి యింట వారుండి తమ కెమేరాలు తామే నడుపుకొనిరి. చిత్రపు నిడివి గంటకు లోపే. తెరపై చతురపు గడులలో స్నేహితులు కనబడుచుందురు గాని, ఒకరి వెనుక తలుపు తెఱచుకొన్నచో రెండవవారు చేయి చాచి కాపాడజాలరు. ఆ దినములలో దూరముననున్న తల్లిదండ్రులను ఫోనులో చూచుచు, ప్రక్కన నుండలేకపోయిన వారందఱకు ఆ నిస్సహాయత తెలిసినదే. దయ్యము నెపము మాత్రమే.

కూతురు చెప్పని మాట

ఇట్టి చిత్రములలో తల్లులు ఒక్కటి చూడవలెనన్నచో, 2008 లో ఆస్ట్రేలియాలో జోయెల్ ఆండర్సన్ తీసిన "లేక్ ముంగో"ను చెప్పుదును. ఇది యొక కుటుంబమును గూర్చి తీసిన వార్తాచిత్రము వలె నుండును. అరారట్ అను ఊరి దాపున, ఆలిస్ అను పదునాఱేండ్ల బాలిక కుటుంబముతో ఈతకు పోయి మునిగి చనిపోవును. పిమ్మట ఇంటిలో ఆమె యున్నట్లు తోచును. సోదరుడు కెమేరాలు పెట్టగా వానిలో నొక రూపము కనబడును. కొంతకాలమునకు ఆ బొమ్మలలో కొన్నిటిని తానే కల్పించితినని అతడు ఒప్పుకొనును. మోసము బయలుపడినది గదా, కథ ముగిసినదని మనమనుకొందుము.

ముగియదు. ఆ బొమ్మలనే మఱల పరీక్షించుచుండగా, ఎవరును చూడని మూల వేఱొకటి కనబడును. దానివలన, బ్రతికియున్నప్పుడు ఆ బాలిక ఇరుగుపొరుగువారివలన పడిన యొక కష్టము బయటపడును. ఆమె దానిని తల్లితో చెప్పలేదు; తల్లి అడుగలేదు. తనకు కీడు మూడుచున్నదను భయమును ఆమె ముందుగనే మనసున మోయుచుండెనని క్రమముగా తెలియును. కడపట ఇంటివారు, ఇక బిడ్డ శాంతించినదని తలచి ఇల్లు విడిచి పోవుదురు. చూచుచున్న మనకు మాత్రము, వారు చూడని చోట, ఆమె యింకను నిలిచియే యున్నట్లు తెలియును. దీనియందు కేకలు లేవు. చూచిన పిమ్మట దీపమార్పుటకు కాదు, ప్రక్కగదిలో నిద్రించు బిడ్డను లేపి "ఏమమ్మా, బాగున్నావా?" అని అడుగకుండుటకు భయము కలుగును. మమ్లర్ వద్దకు ఫొటో తీయించుకొన వెళ్లిన ఆనాటి స్త్రీల దుఃఖమే ఇందు వేఱొక రూపమున కనబడుచున్నది.

తేలిన మాట

కావున, దొరికిన ఫిలిముల భయము నిజమైనదేనా యన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది. "నిజముగా జరిగినది" అను ప్రకటన కొంతకాలమే పనిచేయును. తరువాత పాత పంచాంగమువలె మూల పడును. ఊగు కెమేరా తల తిప్పునే గాని గుండె తాకదు. కాని ఇల్లు, నిద్ర, తలుపు, ఒకరు చెప్పగా ఇంకొకరు వినని మాట — వీనిని పట్టుకొన్న చిత్రములు కల్పనయని తెలిసినను భయపెట్టుచున్నవి. ఆ భయము నిజమైనదే. అవి లేనిచోట భయమును లేదు.

తల్లులు చేయవలసిన పని యొకటి రెండు మాటలలో చెప్పవచ్చును. చిత్రముపై నున్న వయస్సు గుఱుతు చూడవలెను. మన దేశమున 2023 నాటి చట్టసవరణచే యు.ఎ. తరగతి ఏడు, పదుమూడు, పదునాఱు ఏండ్లను బట్టి మూడుగా విభజింపబడినది. పెద్దలకు మాత్రమేయైన "ఎ" తరగతి వేఱుగ నున్నది. ఆ గుఱుతులు ఊరకే పెట్టినవి కావు. చిన్నపిల్లలను వీనికి దూరముగ నుంచవలెను. ఎదిగిన పిల్లలు చూతుమన్నచో ఒంటరిగా గదిలో చూడనీయక, తామును ప్రక్కన కూర్చుండవలెను. ముగిసిన పిదప ఆ చిత్రమెట్లు తీసిరో, గుడారము నెవరు కదలించిరో చెప్పవలెను. తీసిన విధము తెలిసిన పిల్లవాడు నవ్వుట నేర్చుకొనును. దయ్యము పేరు చెప్పి మనుష్యులను కొట్టువారి మాటను నమ్మకుండుటయు నేర్చుకొనును.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. రాత్రివేళ బిడ్డ లేచి వచ్చి, గదిలో నేదియో యున్నదని చెప్పినచో, గొట్టముల చప్పుడని తోసిపుచ్చి పండుకొనబెట్టవలదు. దీపము వేసి, చేయి పట్టుకొని, ఆ గదికి మీరును పొండు. తలుపు వెనుక చూడుడు. మంచము క్రింద చూడుడు. ఏమి వినబడినదో అడిగి తెలిసికొనుడు. అక్కడ ఏమియు నుండదు. కాని చెప్పిన మాట అమ్మ విన్నదని ఆ బిడ్డకు తెలియును. ఎన్నడైన నిజముగ చెప్పుకొనవలసిన భయము వచ్చినప్పుడు, ఆ బిడ్డ మీ యొద్దకే వచ్చును.